మిశ్రమములను వేరుచేయుట

జగిత్యాల ప్రాంతపు ఇండ్లలో బియ్యమును చేటతో చెరుగుట, నీటిలో గాలించుట పిల్లలు నిత్యము చూచునదే. చెరుగునపుడు తేలికయైన ఊక ఎగిరిపోవును. గాలించునపుడు బరువైన రాయి అడుగున నిలుచును. మిశ్రమములోని పదార్థములు తమ తమ గుణములను కోల్పోవు. ఒకదానికి ఉండి, మరియొకదానికి లేని గుణమును కనిపెట్టినచో వాటిని వేరుచేయవచ్చును.

కోరుట్లలోనైనను సిరిసిల్లలోనైనను ఏ బడిలోనైన చేయదగిన ప్రయోగమిది. నది ఇసుక 10 గ్రాములు, ఆకురాయితో రాచగా రాలిన ఇనుపరజను 5 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు తూచి కలుపవలెను. పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతమునకు కాగితము చుట్టి మిశ్రమముపై త్రిప్పినచో ఇనుపరజను అంటుకొనును. కాగితమునుండి అయస్కాంతమును తీసివేయగానే రజను రాలిపోవును. ముందుగా నీరు పోసినచో ఇనుము త్రుప్పుపట్టును. కనుక మొదటి పని అయస్కాంతముదే.

మిగిలినదానిలో 30 మిల్లీలీటర్ల నీరు పోసి కలుపవలెను. సాధారణ ఉష్ణోగ్రతవద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరగును. కనుక ఈ నీరు చాలును. నాలుగు మడతల నూలుగుడ్డతో వడపోసినచో ఇసుక గుడ్డపై నిలుచును. ఆ ఇసుకను కొద్ది నీటితో మరల కడిగి, ఆ నీటినికూడ చేర్చి, వెడల్పు పళ్ళెములో ఎండబెట్టినచో ఉప్పు మిగులును.

ఇప్పుడు మూడింటిని బాగుగా ఆరనిచ్చి తూచవలెను. ఉప్పు తగ్గినచో కొంత ఇసుకలో చిక్కుకొని యుండవచ్చును. ఇనుము 5 గ్రాములకు మించినచో? విద్యార్థి తప్పు చేసెనని ఉపాధ్యాయుడు తొందరపడరాదు. అయస్కాంతమును వట్టి ఇసుకపై త్రిప్పి చూడవలెను. దానికి అంటుకొను నల్లని రేణువులు సాధారణముగా మాగ్నటైటు అను ఇనుప ఖనిజము. దాని సాంద్రత సుమారు 5.2; తెల్లని క్వార్ట్జు ఇసుకది 2.65. కనుకనే నీటి ప్రవాహము తేలిక ఇసుకను కొట్టుకొనిపోగా, నల్లని ఇసుక చారలుగా నిలిచిపోవును.

ఈ భేదము పూర్వపు కమ్మరులకు తెలిసినదే. ఖనిజమును నలుగగొట్టి, నీటిలో గాలించి, బొగ్గుతో కొలుములలో కరగించి ఇనుము తీసెడివారు. ఉత్తర తెలంగాణలో నేటికిని ఇనుప చిట్టెపు దిబ్బలు కనిపించును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఉక్కు చేయు విధానమును హెన్రీ వాయిసీ వర్ణించెను. ఆ వర్ణన 1832లో ప్రచురితమైనది.

విద్యార్థులకు పద్ధతుల పేర్లు వల్లింపజేయుటకంటె, ఏ గుణము భేదించుచున్నదని అడుగుట మేలు. కర్పూరము, ఉప్పు కలిపి ఇచ్చి చూడుడు. ఎండలో పెట్టినచో కర్పూరము ఆవిరియై పోయి, ఉప్పుమాత్రము మిగులును. నీటిలో కలిపినచో ఉప్పు కరగును. కర్పూరము దాదాపు అంతయు పైన తేలును. రెండింటిని తిరిగి పొందుటకు ఏది తగిన మార్గమో వారే నిర్ణయింతురు.