‘బులా’: ఫీజీ యంగోనా సంప్రదాయంలో పలకరింపు - అర్థ వివరణ

ఉపోద్ఘాతం:

ఫీజీ దీవులలో మనుషులు ఎదురుపడినప్పుడు పలికే మాట ‘బులా’. యంగోనా పానీయం తాగే ముందు పలికేదీ ఈ మాటే. పర్యాటకులకు దీనిని ‘హలో’ అని పరిచయం చేయడం పరిపాటి. దానివల్ల అసలు అర్థం మరుగున పడుతున్నది. 1903-1916 మధ్య మద్రాసు నుంచి ఒప్పంద కూలీలుగా ఫీజీ చేరినవారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఉన్నారు. అక్కడి భారత సంతతి యంగోనాను ‘నంగోనా’ అని పిలుస్తూ తమ జీవితంలో కలుపుకొన్నది. కనుక ఈ మాటను తెలుగు నుడికారంతో పోల్చి చూడడం అవసరం.

పాన విధానం:

యంగోనా, తమలపాకు, మిరియం మూడూ ‘పైపర్’ ప్రజాతి మొక్కలే. యంగోనా వేరును దంచి, నీటిలో పిసికి, ‘తానోవా’ అనే కొయ్యపాత్రలో కలుపుతారు. కొబ్బరిచిప్పతో అందిస్తారు. అందుకొనే వ్యక్తి అరచేతులు దొప్పలుగా చేసి ఒకసారి చరిచి, ‘బులా’ అని పలికి, ఆగకుండా తాగుతాడు. తరువాత మూడుసార్లు చప్పట్లు చరుస్తారు. ‘మదా’ అంటే చిప్ప ఖాళీ అయినదని అర్థం. కృష్ణా తీరపు శుభకార్యాలలో గృహస్థు అతిథికి తాంబూలం ఇస్తాడు. ఫీజీ గ్రామాలలో అతిథే యంగోనా వేరును తెచ్చి పెద్దలకు సమర్పిస్తాడు. దీనిని ‘సెవుసెవు’ అంటారు.

అర్థ విశేషాలు:

‘బులా’ నామంగా ప్రాణం, జీవితం, ఆరోగ్యం, క్రియగా జీవించడం. తెలుగులో ‘బతుకు’ కూడా ఇలాగే నామమూ క్రియా అవుతుంది. బిడ్డ తుమ్మినప్పుడు తెలుగు పెద్దలు ‘చిరంజీవ’ అంటారు. ఫీజీలో తుమ్మినవారిని ‘బులా’ అంటారు. ‘ని సా బులా’ అనే గౌరవ రూపంలోని ‘ని’ బహువచన సర్వనామం. ఒక్కరినే ‘మీరు’ అనే తెలుగు మర్యాద వంటిదే ఇది.

అయితే ఒక ముఖ్యభేదం ఉన్నది. తెలుగులో ఆయుష్షు కోరే దీవెన సాధారణంగా పెద్దల నుంచి పిన్నలకు చేరుతుంది. పిన్నలు నమస్కారంతో బదులిస్తారు. యంగోనా కూటమిలో చిప్ప అందించే వరుస హోదాను అనుసరిస్తుంది. ‘బులా’ మాత్రం నాయకునికీ సామాన్యునికీ ఒక్కటే.

ముగింపు:

‘బులా’ను ‘హలో’ అంటే పలకరింపు మిగిలి, ప్రాణాన్ని కోరే భావం పోతుంది. ‘చిరంజీవ’ అంటే ఆ భావం నిలిచి, సమానత పోతుంది. ‘చల్లగా బతుకుదాం’ అనే తెలుగు మాట ఈ రెండింటినీ కొంతవరకు నిలుపుతుంది.