మందు ఎప్పుడు మొదలుపెట్టాలి?

హెచ్‌ఐవీ ఉందని తేలాక కూడా, "ఇప్పుడే మందులు అక్కర్లేదు, కొన్ని నెలలాగి మళ్లీ రక్తపరీక్షకు రండి" అని డాక్టర్లు ఇంటికి పంపిన రోజులున్నాయి. అది నిర్లక్ష్యం కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది. అది సీడీ4 కణాల లెక్క (రోగాలతో పోరాటాన్ని నడిపించే తెల్ల రక్తకణాలు ఇవి, హెచ్‌ఐవీ దెబ్బతీసేది వీటినే). ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి 500 దాటి ఉంటే మనిషి గట్టిగా ఉన్నట్టే అనుకునేవారు. మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలి. వాటి దుష్ఫలితాలు వాటికుంటాయి. మరి తొందరెందుకు?

ఆగడంలో నష్టమేమైనా ఉందా అని తేల్చడానికే 2009లో 'స్టార్ట్' అనే క్లినికల్ ట్రయల్ (ముందే రాసుకున్న నియమాల ప్రకారం మనుషులపై చేసే చికిత్సా పరీక్ష) మొదలైంది. 35 దేశాల నుంచి 4,685 మంది చేరారు. మనదేశం వాళ్లూ ఉన్నారు. అందరికీ సీడీ4 కణాలు 500 పైనే. సగం మందికి వెంటనే మందులిచ్చారు. మిగతా సగానికి కణాలు 350కి పడిపోయేదాకా, లేదా ఎయిడ్స్ లక్షణాలు కనిపించేదాకా ఆగారు.

ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో డాక్టరూ చెప్పలేదు, రోగీ ఎంచుకోలేదు. చీటీ తీసినట్టు తేల్చారు. ఎంచుకోనిస్తే ఓపికా, డబ్బూ, ఆస్పత్రి దగ్గర్లో ఇల్లూ ఉన్నవాళ్లే మందువైపు చేరొచ్చు. అప్పుడు బాగుపడింది మందు వల్లనో, వాళ్ల వెసులుబాటు వల్లనో తెలియదు. చీటీ ఆ తేడాలను రెండువైపులా పంచేస్తుంది.

వాయిదా గుంపువాళ్లకు అన్యాయం జరిగిందా? జరగలేదనే నా అభిప్రాయం. ఆనాటికి ట్రయల్ బయట ఉన్నవాళ్లలోనూ చాలామంది ఆగుతూనే ఉన్నారు. ఏది మంచిదో నిజంగా ఎవరికీ తెలియనప్పుడే ఇలాంటి చీటీ తీయడం న్యాయం. తెలిసిన క్షణాన ఆపేయాలి. ఆ పని కోసమే ట్రయల్ నడిపేవాళ్లతో సంబంధం లేని నిపుణుల సంఘం ఒకటి మధ్యమధ్యలో లెక్కలు చూస్తుంది.

2015 మేలో ఆ సంఘం ఇక చాలంది. ముగింపుకు ఇంకా ఏడాదికి పైగా గడువుంది. మరణం గానీ, తీవ్రమైన జబ్బు గానీ ఎదురైనవాళ్లు వెంటనే మందు వాడిన గుంపులో 42 మంది, వాయిదా గుంపులో 96 మంది. ముప్పు 57 శాతం తగ్గింది. మందుల వల్ల వస్తాయని భయపడిన తీవ్ర సమస్యలు రెండువైపులా దాదాపు సమానమే. వాయిదా గుంపుకూ మందులు ఇవ్వజూపారు.

అన్నిటికన్నా ఆశ్చర్యం వేరే ఉంది. ఆ జబ్బుల్లో ఎక్కువ భాగం కణాలు 500 పైన ఉన్నప్పుడే వచ్చాయి. వాటిలో క్షయ ఉంది, క్యాన్సర్లు ఉన్నాయి. అంటే సంఖ్య బాగున్నా వైరస్ ఊరుకోవడం లేదు. నివురుగప్పిన నిప్పులా లోపల వాపును (శరీరం పోరాటంలో పడి తన్ను తానే నొప్పించుకునే స్థితి) రగిలిస్తూనే ఉంటుంది.

అదే ఏడాది సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కణాల సంఖ్యతో పని లేకుండా హెచ్‌ఐవీ ఉన్న అందరికీ మందులివ్వమంది. మనదేశం 2017లో ఆ పద్ధతికి మారింది. ఏఆర్‌టీ సెంటర్లలో (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాలు) సీడీ4 పరీక్ష నేటికీ ఉంది. మందివ్వాలా వద్దా అని తేల్చడానికి మాత్రం కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు క్షయలాంటివి ఇప్పటికే అంటుకున్నాయా అని మరింత జాగ్రత్తగా వెతకడానికి.