'జానపదం' ఎవరి మాట?

తెలుగు క్లాసులో జానపద సాహిత్యానికి ఉదాహరణలు రాయమంటే చాలామంది పిల్లలు పాతాళభైరవి, బాలనాగమ్మ, జగదేకవీరుని కథ అని రాస్తారు. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేస్తారు. పిల్లల తప్పేం లేదు. రాజకుమారి, మాంత్రికుడు, చిలకలో దాచిన ప్రాణం, ఇట్లాంటి అద్భుత కథల్ని తెలుగువాళ్ళు తరాలుగా 'జానపదం' అనే పిలుస్తున్నారు. యూనివర్సిటీ వాళ్ళకి మాత్రం జానపదమంటే పల్లెజనం పాట, కథ, ఆట, నమ్మకం. ఈ రెండు వర్గాల తగాదా చాలదన్నట్టు దళిత కార్యకర్తలు కొందరు అసలీ మాటే మనకొద్దంటున్నారు. డప్పునీ ఉరుముల్నీ 'జానపద కళలు' అని స్టేజీ ఎక్కిస్తారు, వాయించేవాడి కులాన్ని మాత్రం కిందే దించేస్తారు అని వాళ్ళ అభియోగం. ఈ తగువు ఎట్లా తేలాలన్నదే మా చర్చ. అనంతపురం కరువు నేల దగ్గర్నుంచే మొదలుపెడతాం. మాటకున్న మూడు అర్థాలూ ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి.

గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు అశోకుడి శాసనాలున్నాయి. అందులో ఒకచోట రజ్జుకులనే అధికారులకి ఆజ్ఞ ఉంది. వాళ్ళు జానపదాన్ని ఆజ్ఞాపించాలట, తల్లిదండ్రుల మాట వినమని, పెద్దల్ని గౌరవించమని. అంటే మనకి దొరుకుతున్న పాత వాడుకలో జానపదం అంటే కథా కాదు, పాటా కాదు. పైనుంచి ఆజ్ఞ అందుకునే జనం. అర్థశాస్త్రం రాజ్యానికి ఏడు అంగాలు చెప్పింది. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. జనపదం వేరు, దుర్గం వేరు. పండించి పన్ను కట్టేది జనపదం. ఆ పన్నుతో కోశం నింపుకుని గోడల వెనక కూర్చునేది దుర్గం.

ఇప్పుడు మన 'జానపద' సినిమాని చూడండి. కథంతా కోటలోనే! రాజు, మంత్రి, సేనాపతి, అంతఃపురం, ఉద్యానవనం. పొలం కనపడదు, పన్ను కట్టేవాడు కనపడడు. దుర్గం కథకి జనపదం పేరెట్లా వచ్చింది?

వ్యాపారం వల్ల వచ్చింది. సినిమావాళ్ళు సరుకుని నాలుగు గంపల్లో పోశారు. పురాణాల నుంచి తీస్తే పౌరాణికం, చరిత్రలో ఆధారం ఉంటే చారిత్రకం, ఇప్పటి బతుకు అయితే సాంఘికం. ఈ మూడింట్లోనూ ఇమడని రాజుల కథ మిగిలిపోతే దానికి జానపదం అని చీటీ అంటించారు. ఇంగ్లీషులో దాన్నే ఫోక్‌లోర్ సినిమా అన్నారు. ఆ ఇంగ్లీషు మాటని విలియం థామ్స్ 1846లో పుట్టించింది మామూలు జనం ఆచారాల కోసం, పాత పాటల కోసం. ఇక్కడికొచ్చేసరికి అది కత్తియుద్ధాలకి పేరైంది. 1951లో పాతాళభైరవి తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రి ప్రాంతం వాడే. ఆ కథ మూలాలు మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథల్లో ఉన్నాయి. 1947 జులైలో మొదలైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు లాంటి సీరియళ్ళకీ అదే పేరు అతుక్కుంది. ఒక రచయిత కూర్చుని, కాగితం మీద, డబ్బుకి కల్పించి రాసిన కథలివి. అందులో తప్పులేదు, మేమూ ఎగబడి చదివినవాళ్ళమే. పేరు మాత్రం వాటిది కాదు.

అనంతపురం దాటి నాలుగడుగులేస్తే కర్ణాటక. హిందూపురం అవతల కన్నడంలో జానపద అంటే పల్లెపాట, పల్లెకథ. 2011లో హావేరి జిల్లా గొటగోడిలో జానపద విశ్వవిద్యాలయమే పెట్టుకున్నారు. అక్కడికి విఠలాచార్య సినిమాలు నేర్చుకోడానికి ఎవరూ పోరు. (విఠలాచార్య పుట్టింది కర్ణాటకలోనే, 'జానపద బ్రహ్మ' బిరుదు ఇచ్చింది మాత్రం మనం!)

అయితే సినిమా పక్షానికీ బలమైన వాదన ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమారిని కోరుకున్నందుకు రాజు వాడిని సంపద తెచ్చుకు రమ్మంటాడు. నేల టిక్కెట్టు జనం తమని తాము అక్కడ చూసుకున్నారు, నిజమే. (చివరికి వాడూ రాజుగారి అల్లుడే అవుతాడనుకోండి.) బాలనాగమ్మ విషయం ఇంకా గట్టిది. 1942లో సినిమా కాకముందే అది బుడగ జంగాలు బుర్ర మీటుతూ ఊరూరా చెప్పిన కథ. మాయల ఫకీరు సినిమావాళ్ళు పుట్టించినవాడు కాదు. కాబట్టి 'మాయలుంటే జానపదం' అనే సినిమా సూత్రం ఎంత తప్పో, 'మాయలుంటే జానపదం కాదు' అనే పండితుల విసుగూ అంతే తప్పు. అద్భుతం గీటురాయి కాదు. చెప్పేదెవరు, ఎవరి ఇంటి ముందు, ఏ పండగకి, ఏ వాద్యంతో? ఇదీ గీటురాయి. ఒకే బాలనాగమ్మ జంగం నోట జానపదం. అదే తెర మీదికొస్తే అద్భుత చిత్రం.

అద్భుతాన్ని ఎవరు చెబితే ఏ పేరు దక్కుతుందో గమనిస్తే కులం బయటపడుతుంది. పింగళి సూరన కళాపూర్ణోదయంలో పసిబిడ్డ నోరు తెరిచి పూర్వజన్మ కథ చెప్తుంది. 16వ శతాబ్దంలో నంద్యాల రాజుకి అంకితమైన కావ్యం కనుక అది ప్రబంధం. భూమి కంటే ఆరునెలల ముందు పుట్టిన ఆది జాంబవుడి కథని తెలంగాణలో డక్కలివాళ్ళు చెప్తారు. ఊహ ఇందులో తక్కువేమన్నా ఉందా? నేలే లేనప్పుడు నిలబడినవాణ్ణి ఊహించింది మాదిగ పురాణం! అయినా సాహిత్య చరిత్రల్లో దాని స్థానం ప్రబంధాల పక్కన కాదు, చివరి అధ్యాయంలో 'జానపదం' అనే శీర్షిక కింద. అంటే ఈ మాట రెండువైపులా కోస్తోంది. అగ్రకుల రచయిత కల్పననేమో జనం సొత్తులా చూపిస్తుంది. జనం కల్పననేమో ఊరూ పేరూ లేనిదిగా చేస్తుంది.

కార్యకర్తల అభ్యంతరం ఇక్కడే సరైనదని మేమంటాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ జిల్లాలో ఒక వాద్యానికి ఉరుము అని పేరు. దేవతల జాతరల్లో దాన్ని మోగించే దళితులు ఆ మోతకి వాన వస్తుందనే నమ్మకాన్ని తరతరాలుగా భుజాన మోశారు. 'అనంతపురం జానపద నృత్యం' అని బోర్డు రాస్తే వాద్యం మిగులుతుంది, మోసిన భుజం పోతుంది. గ్రామదేవత కొలుపుల్లో కథ చెప్పే ఆసాదుల సంగతీ అంతే.

అయితే మాటని వదులుకోవడం పరిష్కారం కాదు. అది పన్ను కట్టినవాళ్ళ మాట, కోటకి అప్పజెప్పడమెందుకు? దత్తమండలాలు అనే అవమానపు పేరుని 1928 నంద్యాల సభలో వదిలించుకుని రాయలసీమ అనిపించుకున్న ప్రాంతం ఇది. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురంలో పాఠాలు చెప్పినవాడే. పేర్లు మారతాయి, మార్చాలని కూర్చుంటే.

మా తీర్పు ఇది. రాసిన, తీసిన మాయల కథలకి 'అద్భుత కథ', 'అద్భుత నవల', 'అద్భుత చిత్రం' అనే పేర్లు చాలు. జానపదం అన్నప్పుడు పక్కనే చెప్పేవాళ్ళ కులం పేరు, వాద్యం పేరు, సందర్భం రాయాలి. ఉత్త 'జానపద కళాకారుడు' అనేది చిరునామా లేని ఉత్తరం. టీచర్లు పిల్లల జవాబు కొట్టేయొద్దు. "ఈ కథ మీ ఊళ్ళో ఎవరు చెప్పేవాళ్ళు?" అని పక్కన రాయండి.

ఆ ప్రశ్నకి జవాబు బుడగ జంగాలు అని వస్తే కాగితాల్లో ఇంకో సంగతి తగుల్తుంది. 2002 చట్టం షెడ్యూల్డు కులాల జాబితాలో వాళ్ళ పేరు పక్కన బ్రాకెట్లో తెలంగాణ జిల్లాల పేర్లు మాత్రమే పెట్టింది. అనంతపురం, కర్నూలు అందులో లేవు. బాలనాగమ్మని సీమ పల్లెల్లో బతికించిన జంగం 'జానపద కళాకారుడు'గా సన్మానం అందుకున్నాడు, ఆ జాబితా ప్రకారం కొడుకు కులం సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. 2019లో ఈ విషయం మీదనే జె.సి. శర్మ కమిషన్ వేశారు.

ఇక జాంబపురాణం మాట. దాన్ని చెప్పేవాళ్ళు జానపదం అనరు, పురాణం అంటారు. మేమూ ఈ పత్రికలో అట్లాగే రాస్తాం.