తొలకరి రాయి: తూకం ఎవరి చేతిలో?

మృగశిర చినుకు పడితే చాలు, వజ్రకరూరు చేన్లలో జనం నడుము వంచి నడుస్తుంటారు. పక్కనున్న కర్నూలు జిల్లాలో జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లోనూ ఇదే తంతు. పిల్లల్ని చంకనేసుకుని, సద్దిమూట కట్టుకుని, కూలీలు మెరిసే రాయి కోసం వెతుకుతారు. శెనక్కాయ పంట ఎండి, కూలిపని దొరకనివాళ్ళు ఏం చేసేది?

ఇది ఉత్త పుకారు కాదు. కోట్ల ఏండ్ల క్రితం భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలు వజ్రకరూరు, లత్తవరం ప్రాంతాల్లో ఉన్నాయని భారత భూగర్భ సర్వే సంస్థ గుర్తించింది. ఆ రాయి అరిగి మట్టిలో కలిసింది. వాన మట్టిని కడిగితే ఎప్పుడో ఒక రాయి తేలుతుంది. ఎక్కువమందికి దక్కేది మాత్రం నడుంనొప్పే.

రాయి దొరికిన రోజే అసలు దోపిడీ మొదలు. బేరగాళ్ళు వాలిపోతారు. చీటీల మీద ధర రాసి రహస్య టెండరు నడుపుతారు. చీటీ రాసేది వాళ్ళే, రాయిని చూసి తేల్చేది వాళ్ళే. లైసెన్సు లేని తవ్వకం నేరమంటూ పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తే, కూలీ వచ్చినకాడికి చాలనుకుంటాడు.

అందుకే నాలుగు సంగతులు మనం తెలుసుకోవాలి. మొదటిది, సుత్తితో కొట్టి చూడొద్దు. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు పగులుతుంది. మాకు తెలిసిన ఒక అక్క అట్లనే రాయిని ముక్కలు చేసుకుంది. అది వజ్రమో కాదో ఇక ఎవరూ చెప్పలేకపోయారు. రెండోది, గాజును గీస్తే వజ్రమనుకోవద్దు, పలుగురాయి కూడా గీస్తుంది. ముడివజ్రం నగలో రాయిలా తళుక్కుమనదు, నూనె పూసినట్టు జిడ్డుగా మెరుస్తుంది. మూడోది, సన్నని త్రాసు మీద రాయిని తూచి, దారంతో నీళ్ళలో వేలాడదీసి మళ్ళీ తూచండి. మొదటి తూకాన్ని నీళ్ళలో తగ్గిన తూకంతో భాగిస్తే వజ్రానికి 3.5 వస్తుంది, పలుగురాయికి 2.65. తెల్ల పుష్యరాగం కూడా మూడున్నర దగ్గరే ఉంటుంది. కాబట్టి చివరి మాట వేడిని కొలిచే యంత్రానిదే.

నాలుగోది ధర. అయిదు క్యారెట్లు ఒక గ్రాము. ఒకే నాణ్యమైన రాళ్ళలో, రెండు క్యారెట్ల రాయి విలువ ఒక క్యారెట్ రాయికి రెట్టింపు కాదు, ఇంకా ఎక్కువ. రంగు, లోపలి మచ్చలు, పగుళ్ళు, సాన పట్టినాక మిగిలే బరువు కూడా లెక్కలోకి వస్తాయి. సానలో సగం పోవడం మామూలే. బేరగాడు ఆ తరుగు చూపి ధర దించుతాడు, పరిమాణం పెరిగితే విలువ పెరుగుతుందని మాత్రం చెప్పడు.

మధ్యప్రదేశ్‌లోని పన్నాలో సర్కారు వజ్రాల కార్యాలయం ఉంది. చిన్న చిన్న జాగాలు లీజుకిస్తుంది. దొరికిన రాయిని అక్కడే జమ చేస్తే తూచి, విలువ కట్టి, బహిరంగ వేలం వేస్తుంది. 11.5 శాతం రాయల్టీ, పన్నులు పోను మిగిలింది దొరికినవాడిదే. 2024లో ఒక కూలీ 19.22 క్యారెట్ల వజ్రాన్ని అక్కడే జమ చేశాడు. అది పన్నాలో సాధ్యమైతే గుత్తిలో, గుంతకల్లులో ఎందుకు కాదు?

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే. ఆ గడ్డ మీద కూలీ ఇంకా రాయి కోసం నేలచూపులు చూస్తున్నాడంటే ఆ సిగ్గు పాలకులది. ఏడాది పొడుగునా పని కావాలి. రాయి దొరికితే సర్కారు తూకం, అందరి కళ్ళ ముందు వేలం కావాలి. అక్కలారా, అన్నలారా! ఒక్కరే పోయి బేరగాడి ముందు నిలబడొద్దు. పదిమందిని పిలవండి, తూచండి, రాసుకోండి. ఆ పైనే ధర మాట్లాడండి.