తలకు శస్త్రచికిత్స జరిగినవారు ఇల్లు చేరిన పిమ్మట

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల రైతు మోటారుసైకిలుపైనుండి పడి తలకు దెబ్బ తగిలినను, మెదడున గడ్డ లేచినదని తేలినను, అతనిని కర్నూలుకో గుంటూరుకో హైదరాబాదుకో కొనిపోవుదురు. మన దేశమున మెదడు శస్త్రచికిత్సకు ప్రత్యేక శాఖను మొదట 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలయందు డాక్టరు జేకబ్ చాందీగారు నెలకొల్పిరి. నాడు అంతదూరము పోగలిగిన మనవారెందరు? 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన పిమ్మట నిరుపేదలకు సయితము ఈ చికిత్స అందుబాటులోనికి వచ్చినది. ప్రాణము దక్కి యింటికి వచ్చువారు పెరిగిరి. వచ్చినవారిని చూచుకొను విధము మాత్రము మన యిండ్లలో ఇంకను తెలియలేదు.

కుట్లను సుమారు పది పదునాలుగు దినములలో విప్పుదురు. మెదడు కోలుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు మించియు పట్టును. చూపునకు బాగుగానున్న మనిషి పగలెల్ల నిద్రించును, చిన్నమాటకు మండిపడును, ఇప్పుడే చెప్పినదానిని మరల అడుగును. "కూర్చుండి తినుట మరగినాడు" అని సొంతవారే అందురు. అది సోమరితనము కాదు, తలబిరుసు కాదు. గాయపడిన మెదడు లక్షణము. ఇది గ్రహింపని యింట మందు పనిచేసినను మనిషి క్రుంగిపోవును. ఒకసారి ఒకే పని చెప్పవలెను. ప్రొద్దున కొంతసేపు నడిపించి, అలసట కానవచ్చినంతనే విశ్రమింపనీయవలెను. పలకరింపులకు వచ్చు బంధువులు మంచముచుట్టు మూగి పంటల ధరలు చర్చించుట మన అలవాటు. ఇద్దరు వచ్చి పావుగంటలో లేచిన చాలును.

వైద్యుడు మూర్ఛమాత్రలు వ్రాసియున్నచో, వానిని సొంతముగా మానుటకంటె పెద్ద పొరపాటు లేదు. "రెండు నెలలాయెను, మూర్ఛ రాలేదు, ఇక ఖర్చెందుకు" అందురు. రాకపోవుట ఆ మాత్రలవలననే కావచ్చును. ఒక్కసారిగా మానినచో విడువని మూర్ఛ వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. వాపు తగ్గించు స్టెరాయిడు మాత్రలను కూడ వైద్యుడు చెప్పిన క్రమముననే తగ్గింపవలెను. అవి రక్తములో చక్కెరను పెంచును. మూర్ఛ వచ్చినప్పుడు ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. నోట నేమియు పెట్టరాదు, నీరు పోయరాదు. తాళపుచెవులు చేతబెట్టుటవలన ప్రయోజనము లేదు. అయిదు నిమిషములు దాటినచో 108కి ఫోను చేయవలెను.

మెదడు వాచినపుడు పుఱ్ఱె యెముక ముక్కను తీసి, కొందరికి పొట్టచర్మము క్రింద దాచి, నెలల పిమ్మట మరల అమర్చుదురు. అంతవరకు ఆ వైపు మెత్తగానుండును. ఆ ప్రక్కకు పరుండరాదు, తలపాగ బిగించరాదు, పసిబిడ్డలను దగ్గర ఆడనీయరాదు. కుట్లపై పసరు పూయుట అసలే కూడదు.

కాలుచేయి పడినవారిని ఆ చేయిపట్టి లాగి లేపరాదు, భుజము జారును. కదలలేనివారిని రెండేసి గంటలకు ప్రక్క మార్చవలెను. మ్రింగునప్పుడు పొరపోయినచో, పలుచని నీళ్లకంటె చిక్కని జావను కూర్చుండబెట్టి కొద్దికొద్దిగా పట్టుట క్షేమము. మాట రానివారిని తొందరపెట్టక, అవునో కాదో అని తల యూపి చెప్పదగు ప్రశ్నలడుగవలెను. మన మార్కాపురపు పలక నొకదానిని చేతికిచ్చి చూడుడు. అక్షరము రాకున్నను చెంబు బొమ్మ గీసి దాహమని తెల్పగలరు.

వైద్యుడు అనుమతించువరకు వాహనము నడపుట, బావి దిగుట, బోరు స్టార్టరు ముట్టుట, మిరపతోటకు మందు కొట్టుట నిషిద్ధములు. ఇదే రైతునకు మిక్కిలి కష్టము. తడి ఆరుచున్న చేను తలచుకొని, ఇంటివారు నిద్రించువేళ లేచి పోవును. అందుచే ఇరుగుపొరుగువారు వంతులు వేసికొని నీరుకట్టి, ఆ సంగతి అతనికి వచ్చి చెప్పవలెను. చెప్పుటయే సగము మందు.

సంఘమువారికొక మాట. జ్ఞాపకము కుదుటపడని సభ్యునిచే కాగితములపై వేలిముద్ర వేయించుకొనుట తగదు. బాకీ వాయిదా దగ్గరపడుచుండగా కార్యదర్శి తానే పోయి ఇంటివారితో ముందుగా మాటాడవలెను. పొలమమ్ముట వంటి పెద్ద నిర్ణయములను బంధువులును కొన్ని నెలలు వాయిదా వేయుట మేలు.

తలనొప్పి పెరుగుట, ఆగని వాంతులు, లేపినను లేవని మత్తు, జ్వరముతో మెడ బిగియుట, కుట్లనుండి నీరుగాని చీముగాని కారుట, క్రొత్తగా కాలుచేయి పట్టు తప్పుట, పిక్క వాచి నొప్పియుండుట, వీనిలో నేది కానవచ్చినను తెల్లవారువరకు ఆగరాదు. స్కాను ఫిలిములు, ఆసుపత్రి చీటీలు ఒక సంచిలో వాకిటిదగ్గర నుంచవలెను.

ఇన్నిటికిని కాపున్నది తరచుగా భార్యయో తల్లియో. రాత్రి ప్రక్క మార్చి, పగలు గొడ్డుగోద చూచుకొని, కోపపు మాటలు పడునది ఆమెయే. ఆమె ఆరోగ్యమును అడిగిన వారుండరు. వారమునకు రెండు రాత్రులైన ఆడపడుచో మరదియో మంచముదగ్గర మేలుకొని, ఆమెను నిద్రపోనీయవలెను.