పాత కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టం నవీకరణ

పాత కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టం నవీకరణ అనగా కొన్ని సంవత్సరాలుగా వాడుకలో ఉన్న కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టం స్థానంలో దాని తరువాతి వెర్షనును గానీ, వేరొక ఆపరేటింగ్ సిస్టమును గానీ స్థాపించడం. యంత్రం పాతదే ఉంటుంది, దానిని నడిపించే సాఫ్టువేరు మాత్రం మారుతుంది. తెలుగులో రాసేవారికి, చదివేవారికి ఇది కేవలం వేగానికో, భద్రతకో సంబంధించిన విషయం కాదు. తెర మీద తెలుగు సరిగా కనబడుతుందా లేదా అన్నది కూడా చాలావరకు ఆపరేటింగ్ సిస్టం మీదనే ఆధారపడి ఉంటుంది.

అవసరం

తయారీదారు ఒక వెర్షనుకు మద్దతు నిలిపివేసిన తరువాత అందులో బయటపడే భద్రతా లోపాలకు సవరణలు వెలువడవు. విండోస్ 98కు 2006 జూలై 11న, విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసింది. మద్దతు ముగిసిన మరునాడే కంప్యూటరు ఆగిపోదు. అందువల్లనే చాలామంది నవీకరణను వాయిదా వేస్తూ ఉంటారు.

2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై అనే హానికర సాఫ్టువేరు ఫైళ్లను తాళం వేసినట్లు బంధించి, విడిపించడానికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు, తిరుమల తిరుపతి దేవస్థానానికి చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. ఈ లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. బాధిత కంప్యూటర్లలో అత్యధికం, అప్పటికి ఇంకా మద్దతు ఉన్న విండోస్ 7తో నడుస్తూ, ఆ సవరణను స్థాపించుకోనివే. అనగా కొత్త వెర్షను ఉంటే చాలదు, దాని సవరణలు కూడా స్థాపించి ఉండాలి.

తెలుగు లిపితో సంబంధం

తెలుగు లిపికి 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షనులోనే స్థానం లభించినా, విండోస్ 98లో దానికి అంతర్నిర్మిత తోడ్పాటు లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. అయితే గుణింతాలు, వత్తులు సరిగా కూడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల విభాగంలో సంక్లిష్ట లిపుల తోడ్పాటును విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. ఆ సమయంలో కంప్యూటరు ఎక్స్‌పీ సీడీని అడిగేది. సీడీ దగ్గర లేనివారికి పని అక్కడితో ఆగేది. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుండి ఈ అవస్థ తప్పింది.

తరువాతి కాలంలో లిపికి చేరిన అక్షరాలు కూడా గమనింపదగినవి. దంత్య చ, జ లకు గుర్తులైన ౘ, ౙ యూనికోడ్ 5.1 (2008)లోను, నకారపొల్లు యూనికోడ్ 14.0 (2021)లోను చేరాయి. పాత ఆపరేటింగ్ సిస్టముతో వచ్చిన ఫాంట్లలో ఇవి ఉండవు కనుక వాటి స్థానంలో ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన వంటి ఉచిత ఫాంట్లు పాత కంప్యూటర్ల వాడుకరులకు ఎంతగానో ఉపకరించాయి.

కొత్త వ్యవస్థలు కూడా తెలుగు విషయంలో తడబడకపోలేదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞ అక్షరానికి, కనిపించని ఒక విభజన సంకేతం, దీర్ఘం కలిసిన ఒక వరుసను ప్రదర్శించబోయి ఐఫోన్లు, మ్యాక్ కంప్యూటర్లలోని అప్లికేషన్లు మూతపడ్డాయి. ఆపిల్ సంస్థ ఆ నెల 19న సవరణలు విడుదల చేసింది.

యూనికోడేతర ఫైళ్లు

నవీకరణలో అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. తెలుగు డీటీపీ దుకాణాలలో పేజ్‌మేకర్, అను ఫాంట్లు దీర్ఘకాలం రాజ్యమేలాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7.0 వెలువడినది 2001లో. అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరాల రూపాలను ఆంగ్లాక్షరాల స్థానాలలో అమరుస్తారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలును తెరిస్తే అర్థం లేని రోమను అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పాత యంత్రాన్ని చెరిపివేసి కొత్త వ్యవస్థ స్థాపించినప్పుడు, ఫైళ్లు భద్రంగానే ఉండి కూడా చదవడానికి వీలు లేకుండా పోయే ప్రమాదం ఉన్నది.

భద్రాచలం పరిసర అటవీ ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో కోయ భాషా వాచకాలు తెలుగు లిపిలోనే తయారయ్యాయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలైన మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016 అక్టోబరు 11న ఖమ్మం నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఆ కాలపు పాఠాలు, జాబితాలు, గ్రామ వివరాలు యూనికోడేతర ఫాంట్లలో ఉన్నచో, పాత యంత్రం పనిచేస్తున్నప్పుడే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్పిడి పరికరాలు ఉన్నాయి గాని వత్తుల వద్ద తప్పులు వస్తాయి, కనుక మూలంతో పోల్చి చూడటం తప్పనిసరి. అదనపు జాగ్రత్తగా ప్రతి ఫైలును పీడీఎఫ్‌గా కూడా దాచుకోవడం మంచిది.

యంత్ర సామర్థ్యం

విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్ల మెమొరీ సరిపోయేది. విండోస్ 7కు 1 గిగాబైటు, విండోస్ 11కు 4 గిగాబైట్లు కావాలి. విండోస్ 11కు దీనితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కూడా అవసరం కనుక, చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు అనేకం దానికి అనర్హమయ్యాయి. మెమొరీ పెంచి, హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ అమర్చితే పాత యంత్రం వేగం స్పష్టంగా పెరుగుతుంది. చాలా సందర్భాలలో కొత్త కంప్యూటరు కొనడం కన్నా ఇదే మేలు.

నవీకరణ విధానం

మొదట ఫైళ్లకు నకలు తీయాలి. నకలును అదే గదిలో ఉంచడం వలన ప్రయోజనం తక్కువ. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరికకు నిర్ణయించిన మట్టం 53 అడుగులు. ఏటి ఒడ్డు ఊళ్లలో ఒక నకలు మెట్ట మీద ఉన్న మరొక ఇంటిలోనో, వేరే ఊరిలోనో ఉండాలి.

అంతర్జాల వేగం తక్కువగా ఉండే చోట స్థాపన ఫైలును పట్టణంలో దిగుమతి చేసుకొని పెన్‌డ్రైవులో తీసుకువెళ్లవచ్చు. వైర్‌లెస్, ప్రింటరు డ్రైవర్లను కూడా ముందుగానే అందులో చేర్చుకోవాలి. వైర్‌లెస్ డ్రైవరు లేక అంతర్జాలం అందక, అంతర్జాలం లేక డ్రైవరు దొరకక ఆగిపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. స్థాపన మధ్యలో కరెంటు పోతే వ్యవస్థ తెరుచుకోకపోవచ్చు కనుక యూపీఎస్ గానీ, ఛార్జింగు నిండిన ల్యాప్‌టాప్ బ్యాటరీ గానీ అవసరం. విండోస్ ఎక్స్‌పీ నుండి 7కు నేరుగా మారే వీలు లేదు, కొత్తగా స్థాపించి ప్రోగ్రాములన్నీ తిరిగి చేర్చుకోవలసినదే. 64 బిట్ల విండోస్‌లో పాత 16 బిట్ల ప్రోగ్రాములు పనిచేయవు.

లినక్స్

కొత్త విండోస్‌కు తగని యంత్రాలకు లినక్స్ ఒక మార్గం. సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌లో తెలుగుకు తోడ్పాటు ఉన్నది. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులోకి స్థానికీకరించారు. పెన్‌డ్రైవు నుండే నడిపి, తెలుగు టైపింగు, ప్రింటరు, శబ్దం పనిచేస్తున్నాయో లేదో చూసుకొని ఆ తరువాతనే స్థాపించుకొనే వీలు ఇందులో ఉండటం పెద్ద సౌకర్యం. ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్క్‌టాప్‌లు తక్కువ మెమొరీతో నడుస్తాయి. అయితే 32 బిట్ల ప్రాసెసర్లకు ఈ దారి కూడా ఇరుకవుతున్నది. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13ను వాటిలో స్థాపించే వీలు లేదు. అటువంటి యంత్రాన్ని అంతర్జాలం నుండి విడదీసి, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికి మాత్రమే ఉంచుకొనేవారు కూడా ఉన్నారు.