మా యింట్లో వెలసిన ఫ్యాక్టరీ

మొన్న వేసవి సెలవులలో మా యింట్లో ఒక ఫ్యాక్టరీ వెలసింది. దానికి లైసెన్సు లేదు, కార్మికసంఘం లేదు, జీతాల బట్వాడా లేదు. పదిహేనేండ్ల మా అబ్బాయి కంప్యూటరు తెరమీద కట్టిన ఫ్యాక్టరీ అది. అన్నానికి పిలిస్తే “ఒక్క నిముషం నాన్నా, బెల్టు ఆగిపోయింది” అనేవాడు. ఆ ఒక్క నిముషం గంట అయ్యేది.

తొమ్మిదో తరగతిలో వాడికి లెక్కలలో మార్కులు తగ్గినవి. దానితో ఆ కంప్యూటరును అమ్మివేయాలని మేము నిశ్చయించుకొన్నాము. ఈ మాటమీద తండ్రీకొడుకులకు మూడు రోజులు పలుకులు లేవు. నాలుగోనాడు మా నాన్నగారు కలుగజేసుకొని, “అమ్మేది తర్వాతరా. ముందు వాడేం కడుతున్నాడో చూద్దాం” అన్నారు.

నాన్నగారు ముప్పయ్యేండ్లకు పైగా ఈ వూరిలోనే ఒక కర్మాగారం అసెంబ్లీ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. మన పాఠకులలో పలువురి యిళ్లకు ఇటువంటి చరిత్రే వున్నది గదా! 1940లో విమానాల ఫ్యాక్టరీ, 1948లో ఐ.టి.ఐ., 1953లో హెచ్.ఎం.టి., 1954లో బి.ఇ.ఎల్. ఇక్కడ వెలసినవి. వాటి సైరనును బట్టి వంట చేసుకొన్న యిళ్లు మనవి. జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో ఇక్కడ మొదలైన హెచ్.ఎం.టి. గడియారాల పని, 2016లో మూసివేతకు అనుమతితో ముగిసింది. ఆ వార్త చదివిన రోజున నాన్నగారు చేతిగడియారానికి కీ యిచ్చుకొని, ఏమీ మాట్లాడక వూరుకొన్నారు.

ఇక ఆట సంగతి. దాని పేరు ఫ్యాక్టోరియో. చెక్ దేశపు ప్రేగ్ నగరంలోని వూబే అనే చిన్న సంస్థ దానిని తయారుచేసింది. 2020 ఆగస్టులో అది పూర్తిరూపంలో వెలువడింది. ముక్కూ మొగమూ తెలియని ఒక గ్రహంమీద చిక్కుకొన్న మనిషి ఇనుము, రాగి తవ్వి, కొలిముల్లో కరిగించి, బెల్టులమీద మిషన్లకు పంపి, వస్తువులు చేయిస్తూ చివరకు రాకెట్టు ఎగురవేయాలి. పొగ ఎక్కువైతే వింత పురుగులు వచ్చి దాడి చేస్తవి.

నాన్నగారు కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

“తాతయ్యా, సర్క్యూట్లు చాలడం లేదు. ఆరు మిషన్లుంటే ఇంకో రెండు పెట్టాను. అయినా అంతే వస్తున్నాయి.”

“పెట్టడం సరేరా. వున్న మిషన్లకు పనుందా? సరుకు ఎక్కడ పేరుకుంటున్నదో, ఏ మిషను ఖాళీగా నిలబడ్డదో అది చూడు.”

చూస్తే సర్క్యూటు మిషన్లలో సగం వూరికే నిలబడి వున్నవి. రాగిరేకులు మాత్రం తీగలు తీసే మిషన్ల ముందు బారులు తీరి ఆగివున్నవి. ఒక సర్క్యూటుకు ఒక ఇనుపరేకు, మూడు రాగితీగలు కావాలి. తీగల మిషను ఒక విడతకు రెండు తీగలే యిస్తుంది. రెండు పనులకూ పట్టే కాలం ఒకటే. అంటే రెండు సర్క్యూటు మిషన్లకు మూడు తీగల మిషన్లు వుండాలి. మావాడికి వున్నవి ఆరు. అవి నాలుగు సర్క్యూటు మిషన్లకే చాలుతవి. ఆరున్నా ఎనిమిదున్నా జరిగేది నాలుగింటి పనే!

“ఉగాదినాడు మీ అమ్మా అత్తయ్యా బొబ్బట్లు వత్తుతుంటే పొయ్యిమీద పెనం ఒక్కటేగా? ఇంకో ఇద్దరు కూర్చుని వత్తితే ఏమవుతుంది?” అని అడిగారు నాన్నగారు.

“పళ్లెంలో వత్తినవి పేరుకుంటాయి.”

“అంతేగా! పెనం దగ్గరే వున్నది కీలకం.”

దానినే ఫ్యాక్టరీలవారు బాటిల్‌నెక్ అంటారు. దానికి ముందు సరుకు పేరుకొంటుంది, దాని తర్వాత చేతులు ఖాళీగా వుంటవి. ఇజ్రాయెల్ దేశస్థుడు గోల్డ్‌రాట్ 1984లో “ది గోల్” అనే నవలగా ఈ సంగతే వ్రాశాడు. అందులో ఒక ఫ్యాక్టరీ మేనేజరు పిల్లలను కాలినడకన అడవిదారిని తీసుకొనిపోతాడు. ఎంత హడావిడిపడినా వరుస మొత్తం అందరికంటే నెమ్మదిగా నడిచే పిల్లవాడి నడకనుబట్టే సాగుతుంది. ఆ పిల్లవాణ్ణి కోప్పడక ముందు నిలబెట్టి, వాడి సంచిలోని బరువు తలా కొంత పంచుకొంటే అందరూ త్వరగా చేరుతారు.

తర్వాత తాతామనుమలు వెనుకనుంచి లెక్క కట్టారు. ఎనిమిది సర్క్యూటు మిషన్లు ఆగకుండా నడవాలంటే పన్నెండు తీగల మిషన్లు వుండాలి. మొదటి రకం మిషన్లతో విడతకు ఒక సెకండు. కాబట్టి సెకండుకు 8 ఇనుపరేకులు, 12 రాగిరేకులు కావాలి. రాతికొలిమిలో ఒక రేకు తయారుకావడానికి 3.2 సెకండ్లు. మావాడు కాగితంమీద హెచ్చవేశాడు: ఇనుముకు 25.6, రాగికి 38.4. “సగం కొలిమి కట్టలేం కదా తాతయ్యా, 26, 39” అన్నాడు. లెక్కలలో మార్కులు తగ్గినవాడు వీడేనా అని మేము గుమ్మంలో నిలబడి ఆశ్చర్యపోయాము.

లేచేటప్పుడు నాన్నగారు ఇంకో మాట అన్నారు. “బాగుందిరా. కాని దీంట్లో మనుషులు లేరు. మిషను అలిసిపోదు, దానికి ఇంట్లో జబ్బుచేసినవాళ్లుండరు.” నిజమే. టయోటావారి పద్ధతిలో, వారి ఫ్యాక్టరీ మన బిడదిలోనే వున్నది, తప్పు కనబడితే లైనును ఆపించే అధికారం పనివాడి చేతిలో వుంటుంది. కష్టం ఎక్కడున్నదో అక్కడ నిలబడ్డవాడికే ముందు తెలుస్తుంది గనుక ఆ యేర్పాటు.

ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. మేము గుమాస్తాలము. మా కార్యాలయంలో పదవీవిరమణ చేసినవారి కాగితాలు అయిదు బల్లలు దాటి వెళ్లాలి. ఒక పెద్దాయన బస్సులో నాలుగుసార్లు వచ్చి అడిగితే, నాలుగుసార్లూ “పై సెక్షనులో ఆలస్యం” అనే చెప్పాము. మరునాడు ఉదయం నాన్నగారి ప్రశ్ననే వేసుకొని చుట్టూ చూశాము. మా బల్లమీద నలభై ఫైళ్లు వున్నవి. మా తరువాతి బల్లవారు పేపరు చదువుకొంటున్నారు!

ఇరుకు మా దగ్గరే వున్నది. ఏదో ఒక నకలు జతచేయలేదని మేము కనిపెట్టేసరికి వారాలు గడిచేవి. ఫైలు తిరిగి మొదటికి పోయేది. ఇప్పుడు కావలసిన కాగితాల జాబితా కౌంటరు దగ్గర అంటించి, తీసుకొనేటప్పుడే సరిచూస్తున్నాము. కట్ట పదికి మించడం లేదు. ఆ పెద్దాయనకు మేమే ఫోనుచేసి పని పూర్తయిందని చెప్పాము. ఆలస్యం ఎవరివల్ల జరిగినదో కూడా చెప్పాము. ఆయన కొంచెంసేపు వూరుకొని “పోనీలే నాయనా” అన్నారు.

కంప్యూటరు అమ్మలేదు. రోజుకు గంటన్నర అని నియమం పెట్టాము. ఆ గంటన్నరలో సగం తాతగారిదే. లెక్కల మార్కులు పెరిగినవా అని పాఠకులు అడుగవచ్చును. పదోతరగతి పరీక్షలు ఇంకా రావలసివున్నవి. మావాడి చదువులో ఇరుకు ఎక్కడున్నదో తెలిసికొనడానికి మాత్రం ఈసారి కోప్పడక, పక్కన కూర్చొని చూస్తున్నాము.